రీసెర్చ్ రిపోర్టు ఊరికి కూడా రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం,

వాతావరణ మార్పుని జనం ఎలా తట్టుకుంటున్నారో తెలుసుకోవడానికి దేశదేశాల వాళ్ళు కలిసి రీసెర్చ్ చేయడం మంచిదే, కానీ అందులో ఊరివాళ్ళ పాత్ర ప్రశ్నలకి జవాబులు చెప్పడం వరకేనా అండీ? ఒక సర్వేలో నేను అనువాదానికి వెళ్ళా, రెండు గంటలు ఓపిగ్గా చెప్పిన పెద్దావిడ చివర్లో "పోయినసారి వచ్చినోళ్ళు రాసుకున్నది ఏమైందమ్మా" అని అడిగింది, నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

వేరేలా చేయొచ్చు. కెనడాలో స్మార్ట్‌ఐస్ అనే సంస్థ ఉంది, గడ్డకట్టిన సముద్రం మీద మంచు మందం కొలిచే సెన్సర్‌ని స్నోమొబైల్ వెనక స్లెడ్జి మీద లాక్కెళ్తారు, ఆ పని చేసేది అక్కడి ఆదివాసులైన ఇన్యుయిట్ జనమే, ఎక్కడ కొలవాలో మంచు మీద బతికిన పెద్దవాళ్ళకి తెలుసు, ఆ లెక్కలు వాళ్ళు వేటకి వెళ్ళే దారి చూసుకోడానికే పనికొస్తాయి. అంటే డేటా పుట్టినచోటే వాడకంలోకి వస్తుంది, నాకు బాగా నచ్చింది ఇదే.

వాతావరణ మార్పు మీద దేశాలు చేసుకున్న 2015 పారిస్ ఒప్పందం ఏడో ఆర్టికల్‌లోనే స్థానికుల జ్ఞానాన్ని కలుపుకోవాలని ఉంది. దక్షిణాఫ్రికాలో శాన్ అనే ఆదివాసీ ప్రజలైతే 2017లో రీసెర్చర్లకి సొంతంగా నియమావళి రాసిచ్చారు, గౌరవం, నిజాయితీ, న్యాయం ఉండాలని, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని.

నిధులిచ్చే సంస్థలకి నా విన్నపం ఒక్కటే, రిపోర్టుని ఊరివాళ్ళ భాషలో వాళ్ళ ముందు చదివి వినిపించడానికయ్యే ఖర్చుని మొదటిరోజే బడ్జెట్‌లో రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు