పక్షిపిల్ల నోట్లో నీళ్లు పోయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పిట్టలు గుడ్లు పొదిగి పిల్లల్ని చేసే రోజులు వచ్చాయంటే పత్రికల్లో ఒకే రకం ఫొటో కనబడుతుంది. అరచేతిలో ఓ పక్షిపిల్ల, దాని నోట్లో సిరంజితో నీళ్లు పోస్తున్న మనిషి. కింద మెచ్చుకోలు మాట. ఆ మనిషి మంచితనాన్ని నేను శంకించడం లేదు. అయితే ఆ ఫొటో చూసి రేపు మరో పదిమంది అదే పని చేస్తారు. పక్షికి గాలి వెళ్లే రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది. పైనుంచి పోసిన నీళ్లు అందులో పడ్డాయంటే నేరుగా ఊపిరి మార్గంలోకి పోతాయి.

రెండేళ్ల కిందట నేనూ అదే చేశాను. పలచటి పసుపు నూగు, ఒంటికి మించిన పెద్ద ముక్కు ఉన్న పిల్ల ఒకటి దొరికింది. ఏ పక్షో తెలియలేదు. నోరు తెరవడం లేదని ముక్కు విడదీసి పాలు పోశాను. తెల్లారేసరికి చచ్చిపోయింది. అది పావురం పిల్ల అని తర్వాత తెలిసింది. పావురం పిల్ల మిగతా పిల్లల్లా నోరు తెరిచి అడగదు. తల్లిదండ్రుల నోట్లోకి తన ముక్కు దూర్చి తింటుంది. మొదటి రోజుల్లో అవి తమ గొంతుసంచిలో ఊరే చిక్కటి పదార్థం దానికి పెడతాయి. దాన్ని పావురం పాలు అంటారు గానీ, ఆవు పాలతో దానికి సంబంధం లేదు. మన పాలలోని చక్కెర పక్షులకు అరగదు. ఈ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

అసలు చాలా పిల్లల్ని ఇంటికి తేవాల్సిన పనే లేదు. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ తిరిగే పిల్ల తప్పిపోయింది కాదు. అది ఎగరడం నేర్చుకుంటోంది. కొన్ని రోజులపాటు అలా నేల మీదా పొదల్లోనూ తిరుగుతుంటే తల్లీ తండ్రీ వచ్చి మేత పెట్టి పోతుంటాయి. మనం పక్కనే నిలబడితే అవి దగ్గరికి రావు. పిల్లుల్నీ కుక్కల్నీ అటు రానీయకుండా, దూరం నుంచి గంటా రెండు గంటలు చూస్తే తెలిసిపోతుంది. ఈకలు రాని పిల్ల కింద పడితే మాత్రం తిరిగి గూట్లో పెట్టాలి. గూడు చెదిరిపోతే అడుగున చిల్లులున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి ఆ కొమ్మకే కట్టాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందనే మాట నిజం కాదు.

సాయం నిజంగా కావలసినవీ ఉంటాయి. రెక్క విరిగినవి, తల్లిదండ్రులు చనిపోయినవి, పిల్లి నోట పడ్డవి. పిల్లి పంటి గాటు పైకి కనబడకపోయినా పిల్లి నోటిలోని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీయగలవు, అదే రోజు పశువైద్యుడి చేత యాంటీబయాటిక్ ఇప్పించాలి. అక్కడికి చేర్చేదాకా గాలి ఆడే అట్టపెట్టె, మెత్తటి గుడ్డ, ఒక పక్క కింద వెచ్చటి నీళ్ల సీసా, చీకటి, నిశ్శబ్దం చాలు. ఒళ్లు చల్లబడ్డ పిల్లకు మేత అరగదు, కాబట్టి ముందు వెచ్చదనమే. ఇంట్లో చిన్నపిల్లలు చుట్టూ మూగి చూడటం కూడా దానికి భయమే.

ఏ పక్షో తెలియకుండా మేత పెట్టకూడదు. గింజలు తినే పిచ్చుకలు కూడా పిల్లలకు ముందు పురుగులే పెడతాయి, అలాంటి పిల్లకు రొట్టె ముక్కలు పెడితే కడుపు నిండుతుంది గానీ ఎముక కట్టదు. వంకర ముక్కూ వాడి గోళ్లూ ఉంటే అది వేటాడే పక్షి. కోడిపిల్లల్లా పుట్టిన రోజే నూగుతో పరుగెత్తే పిల్లలు వేరే రకం, వాటికి నోట్లో పెట్టనక్కర్లేదు, తల్లి దగ్గరికి చేరిస్తే చాలు. ముక్కు, కాళ్లు, నోటి లోపలి రంగు కనబడేలా ఫొటో తీసి తెలిసినవారికి పంపితే పోల్చుకోగలరు. పెంచుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. మనిషినే తనవాడనుకుని పెరిగిన పక్షి తిరిగి తన గుంపులో బతకలేదు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. పక్షులు పిల్లల్ని చేసే నెలల్లో ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ దాని పక్కనే చిన్న పెట్టె కట్టి, ‘నీళ్లు, పాలు పోయకండి. ఈకలుంటే దూరం నుంచి చూడండి. గాయముంటే వెచ్చగా పెట్టెలో ఉంచి ఫోన్ చేయండి’ అని వేయండి. కింద మీ ప్రాంతపు అటవీ శాఖ నంబరు ఇవ్వండి. సిరంజి ఫొటో మాత్రం దయచేసి ఇక వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు