జీతం కాగితంలో కనిపించని లెక్క

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఉద్యోగాల పేజీని చాలాకాలంగా చదువుతున్నాను. జీతం పెంచమని ఎలా అడగాలి, ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలి, ఒకేచోట పాతుకుపోతే ఎదుగుదల ఎలా ఆగిపోతుంది వంటి విషయాలపై అందులో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. ఆ సలహాలు పాటించి, ఎక్కువ జీతానికి ఉద్యోగం మారి, 14 నెలలుగా అందుకు చింతిస్తున్న వాణ్ణి కనుక, మారిన తర్వాతి కథ కూడా పాఠకులకు తెలియడం మంచిదని ఈ లేఖ రాస్తున్నాను.

నేను లెక్కల విభాగంలో పనిచేస్తాను. పాత కార్యాలయంలో తొమ్మిదేళ్లు ఉన్నాను. మా ఇంట్లోవాళ్ల మాటల్లో చెప్పాలంటే అది కడుపులో చల్ల కదలని ఉద్యోగం. ఇంటి ఖర్చులకు లోటు ఉండేది కాదు. నాతో కలిసి చదువుకున్న ఒకరి జీతం ఎంతో అనుకోకుండా తెలిసిన రాత్రి వరకూ నా జీతం తక్కువన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ తర్వాత ఆరు నెలలకే, 40 శాతం ఎక్కువ ఇస్తామన్న సంస్థ ఆఫర్ లెటర్‌పై సంతకం చేశాను.

పదిమంది పద్దులు సరిచూసే నేను నా పద్దు మాత్రం చూసుకోలేదు. పాత ఉద్యోగంలో ఎనిమిది గంటల పని, రానూపోనూ గంట ప్రయాణం, మొత్తం తొమ్మిది గంటలు. ఇప్పుడు పదిన్నర గంటల పని, మూడు గంటల ప్రయాణం, మొత్తం పదమూడున్నర. అంటే జీతం 40 శాతం పెరిగితే, దానికోసం నేను ఇచ్చే సమయం 50 శాతం పెరిగింది. గంట లెక్కన చూస్తే, మునుపు వంద వచ్చినచోట ఇప్పుడు 93 వస్తోంది. అది కూడా పెరిగిన మొత్తమంతా చేతికి అందిందనుకుంటేనే. అందులో కొంత వేరియబుల్ పే కావడంతో లక్ష్యాలు తప్పిన త్రైమాసికంలో ఆ భాగానికి కోత పడుతుంది. ఐదు నిమిషాల్లో తేలిపోయే ఈ లెక్కను నేను చేరిన నాలుగో నెలలో, ఇంటికి వస్తూ బస్సులో ఫోనులోని కాలిక్యులేటర్ మీద వేసుకున్నాను.

పని సుళువుగా, గౌరవంగా ఉన్నచోట కూలి తక్కువగానూ, కష్టంగా, చికాకుగా ఉన్నచోట ఎక్కువగానూ ఉంటుందని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. చదువుకునే రోజుల్లో ఆ సూత్రాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కానీ, ఈ 40 శాతం దేనికి పరిహారంగా ఇస్తున్నారని అడగాలని మాత్రం తోచలేదు. నాకు ముందు ఆ కుర్చీలో రెండేళ్లలో ముగ్గురు మారారన్న సంగతి చేరిన రెండో వారంలో పక్క సీటు సహోద్యోగి చెబితే తెలిసింది.

అయితే గంటల లెక్క కన్నా నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి ఉంది. పాత కార్యాలయంలో అమ్మను కంటి పరీక్షకు తీసుకెళ్లాల్సి వస్తే, మా అధికారి గది తలుపు దగ్గర నిలబడి ఒక్క మాట చెప్పేవాణ్ణి. ఆయన కాగితాల మీంచి తలెత్తకుండానే "వెళ్లి రండి" అనేవారు. కొత్తచోట అదే పని కోసం పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, 'వ్యక్తిగతం' అని కారణం ఎంచుకుని, నా బదులు పని చూసేవారి పేరు రాశాను. కారణం చాలదని అది తిరిగొచ్చింది. ఆసుపత్రి చీటీ జతచేసి మళ్లీ పంపాను. పరీక్ష ఉదయం పదింటికి. అనుమతి ఆరోజు పదకొండుకు వచ్చింది. అప్పటికే అమ్మను చెల్లెలు తీసుకెళ్లింది.

దీన్ని నేను ఆ సంస్థ దుర్మార్గమని అనడం లేదు. వాళ్లకు నేనెవరో తెలియదు. పాత అధికారి "వెళ్లి రండి" అనడం వెనుక, నెలాఖరులో లెక్కలు కుదరక నేను రాత్రి పదింటి దాకా కూర్చున్న రోజులున్నాయి, ఒప్పుకుని దిద్దుకున్న నా తప్పులున్నాయి, తొమ్మిదేళ్ల పరిచయం ఉంది. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే అనుభవ ధ్రువపత్రంలో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా రాస్తారు. సంపాదించుకున్న నమ్మకాన్ని రాసే గడి అందులో లేదు. కొత్తచోట అది మళ్లీ సున్నా నుంచి మొదలు కావలసిందే. ఈలోగా నేను సీట్లో ఉన్నానో లేదో చాట్‌లో నా పేరు పక్కన వెలిగే ఆకుపచ్చ చుక్క చెబుతుంటుంది. చుక్క ఆరకుండా మధ్యమధ్య మౌస్ కదిపే అలవాటు ఈ వయసులో నాకు అబ్బింది.

"కొత్తలో అందరికీ అంతే" అని చాలామంది ధైర్యం చెప్పారు. వారి మాటలోనూ న్యాయముంది. మనుషులు మొదట కొద్దికాలం, తాము చేసిన పనికే ఎక్కువగా బాధపడతారని, ఏళ్లు గడిచాక మాత్రం చేయని పనికే ఎక్కువగా బాధపడతారని గిలోవిచ్, మెడ్‌వెక్ అనే మనస్తత్వ పరిశోధకులు 1990లలో ప్రతిపాదించారు. ఆ లెక్కన నేను పాతచోటే ఉండిపోయి ఉంటే, పదవీ విరమణ నాటికి "అప్పుడే వెళ్లాల్సింది" అని చింతించేవాణ్ణేమో. ఈ జీతం వల్లే ఇంటి అప్పు ముందుగా తీరుతోందన్న సంగతిని దాచడం కూడా సబబు కాదు. వచ్చేది చాలనివారు మారక తప్పదు. వారికి తృప్తి గురించి ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు. తిరిగి వెళ్లే ప్రయత్నం ఒకసారి చేశాను. పాత అధికారి ఫోనులో ఎంతో ఆప్యాయంగా మాట్లాడి, నా స్థానంలో వచ్చినవారు బాగా చేస్తున్నారని చెప్పారు.

కాబట్టి మీ ఉద్యోగాల పేజీకి ఒక మనవి. అభ్యర్థి ఏం చెప్పాలో మీరు ఎలాగూ రాస్తున్నారు, ఏం అడగాలో కూడా రాయండి. ఈ కుర్చీ ఎందుకు ఖాళీ అయింది, అక్కడివారు నిజంగా ఎన్ని గంటలకు ఇంటికి బయల్దేరుతారు, గత ఏడాది వేరియబుల్ పే పూర్తిగా ఇచ్చారా, అత్యవసరమైతే సెలవు ఎవరు, ఎంతసేపట్లో ఇస్తారు అని ఆఫర్ లెటర్‌పై సంతకానికి ముందే అడగడం తప్పు కాదని పెద్ద పత్రిక చెబితే కుర్రవాళ్లకు కాస్త ధైర్యం వస్తుంది. వీలైతే అక్కడ పనిచేసి మానేసిన ఒకరితోనైనా మాట్లాడమని కూడా చెప్పండి. నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంకా అదే సంస్థలో పనిచేస్తున్నందున, ఈ లేఖ కింద నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు