గోడ మీద రాస్తే కేసులా?

సంపాదకుడు గారికి,

మన తిరుపతి యూనివర్సిటీ రోడ్డు గోడల మీద విద్యార్థులు రాసిన నినాదాల గురించి మొన్న మీ పత్రికలో ఒక పాఠకుడి లేఖ చదివాను. కొండకు వచ్చే భక్తులు చూసి ఏమనుకుంటారు, రాసినవాళ్ళ మీద క్రిమినల్ కేసులు పెట్టి ఉద్యోగాలు రాకుండా చేయాలి అన్నారాయన. గోడ పాడైతే ఎంత చిరాకో నాకూ తెలుసు, మా ప్రహరీ కూడా రోడ్డు వారనే ఉంది. కానీ కేసుల దగ్గర ఆయన మాట ఒప్పుకోలేను.

గోడ మీద రాసిన పిల్లల్ని పట్టుకుపోతే ఏమవుతుందో సిరియాను చూస్తే తెలుస్తుంది. 2011లో దరా అనే ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు బడి గోడ మీద "డాక్టరూ, ఇక నీ వంతు" అని రాశారు. అప్పటి అధ్యక్షుడు బషర్ అల్ అసద్ కంటి డాక్టరు. అప్పటికే ట్యునీషియా, ఈజిప్టు పాలకులు గద్దె దిగిపోయారు కాబట్టి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పిల్లల్ని ఎత్తుకెళ్ళి చిత్రహింసలు పెట్టారు. వాళ్ళను వదలండని జనం వీధుల్లోకి వస్తే కాల్పులు జరిపారు. అక్కడి నుంచి దేశమంతా అంటుకుంది. ఆ రాతను చూసీ చూడనట్టు వదిలేసి ఉంటే ఒక్క వానకు పోయేదేమో!

పోలండులో 1981 డిసెంబరులో సైనిక పాలన పెట్టి సాలిడారిటీ కార్మిక సంఘాన్ని అణిచేశారు. జనం గోడల మీద నినాదాలు రాయడం, పోలీసులు వాటి మీద రంగు పూయడం, ఇదే పని. ఊరి నిండా మచ్చలు మిగిలాయి. వ్రోత్స్వాఫ్ నగరంలో వాల్డెమార్ ఫిద్రిఖ్, అతని స్నేహితులు 1982లో ఆ మచ్చల మీద టోపీ పెట్టుకున్న మరుగుజ్జు బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. ఆ బొమ్మ కింద ఏముండేదో చూసినవాళ్ళకు అర్థమయ్యేది. పోలీసులు మాత్రం ఏమని కేసు రాయాలి? మరుగుజ్జును గీశాడనా? ఇప్పుడు అదే నగరం వీధుల్లో చిన్న చిన్న మరుగుజ్జు విగ్రహాలుంటాయి, టూరిస్టులు వాటిని వెతుక్కుంటూ తిరుగుతారు.

మన దేశంలోనూ 1975 జూన్ నుంచి 21 నెలల పాటు ఏ వార్త అచ్చవ్వాలో సెన్సారు అధికారులు తేల్చిన ఎమర్జెన్సీ రోజులున్నాయి. ఇలాంటి ఉత్తరం రాసినా మీరు వేయలేని రోజులవి. పత్రిక నోరు నొక్కేస్తే మామూలు మనిషికి మిగిలేది గోడే. బకెట్టు సున్నం, ఇంత జాజు, ఒక కుంచె చాలు.

ఇప్పుడు అంత దుస్థితి ఉందని నేననడం లేదు. అయినా హాస్టల్ అన్నం గురించో, స్కాలర్‌షిప్పుల గురించో పిల్లలు రాత్రిపూట దొంగచాటుగా రాస్తున్నారంటే, పగలు చెప్పుకుంటే ఎవరైనా విన్నారా అని ముందు అడగాలి కదా.

ఇక నగరం అందమంటారా? ఎన్నికలకు ఏడాది ముందే "ఈ గోడ రిజర్వ్" అని పార్టీ పేరుతో సహా రాసుకుపోయేవాళ్ళను ఎవరైనా అడిగారా? నాయకుడి పుట్టినరోజు వస్తే లీలామహల్ సర్కిల్ దగ్గర ఫ్లెక్సీల చాటున కొండ కూడా కనబడదు. ఆ పాఠకుడు దీని మీద ఒక్క ముక్క రాయలేదు. బహిరంగ స్థలాలు పాడుచేయకూడదని 1997లోనే రాష్ట్రంలో చట్టం చేశారు. దాన్ని ముందు ఫ్లెక్సీల మీద వాడి చూపించమనండి.

ఇంటి గోడల మీద, గుడి గోడల మీద రాయడాన్ని నేను సమర్థించను. రాసినవాడు దొరికితే సొంత డబ్బుతో సున్నం కొనిపించి వాడితోనే వేయించండి. అంతే గానీ ఎఫ్ఐఆర్ వద్దు. ఒక్క కేసు మీద పడితే పాస్‌పోర్టుకూ, సర్కారు ఉద్యోగానికీ ఏళ్ళ తరబడి తిప్పలు తప్పవు. క్యాంపస్ లోపల ఒక పొడవాటి గోడను విద్యార్థులకు వదిలేయాలని అధికారులను కోరుతున్నాను. బూతులు, కులాన్నీ మతాన్నీ తిట్టేవి తప్ప ఏదీ చెరపకూడదు. ఏటా కొత్త బ్యాచ్ చేరే ముందు ఒకసారి సున్నం వేయిస్తే సరిపోతుంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బాలాజీ కాలనీ, తిరుపతి