ప్రోగ్రెస్ కార్డుల కట్ట

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు తిట్టుకో, పడతాను. నాన్న మోకాళ్ళు అలాగే ఉన్నాయి, పాప రెండో తరగతికి వచ్చింది, అంతే విశేషాలు. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

టెన్షన్‌కి మందులు వాడుతున్నానన్నాను కదా. బాగానే పనిచేశాయి. గుండెదడ తగ్గింది, అర్ధరాత్రి లేచి గ్యాస్ కట్టేశానా లేదా అని చూసుకోవడం పోయింది. దాంతోపాటు పనీ ఆగిపోయింది! కరెంటు బిల్లు కళ్ళెదురుగానే ఉంటుంది, కట్టను. పొద్దున్నే రిపోర్టు ఇవ్వాలి, నేనేమో అగ్గిపుల్లతో కీబోర్డు సందుల్లో దుమ్ము తీస్తూ కూర్చున్నా. ఇన్నేళ్ళూ నా చేత పని చేయించింది భయమేరా! అది పోయేసరికి తోలేవాడు దిగిపోయిన ఎడ్లబండినయ్యాను.

ఇదంతా కొత్త డాక్టరమ్మకి చెబితే 18 ప్రశ్నల కాగితం ఒకటి నింపమని, "చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులున్నాయా?" అంది. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య అయితే 12 ఏళ్ళలోపే ఆ లక్షణాలు కొన్ని కనబడి ఉండాలట.

అమ్మకి ఫోన్ చేశా. ట్రంకుపెట్టె అడుగునుంచి కట్ట తీసి అక్కడికక్కడే చదవడం మొదలెట్టింది. "నాలుగు: తెలివైనవాడే, ధ్యాస నిలవదు. ఐదు: లెక్క సగంలో వదిలేస్తాడు. ఆరు: చూపంతా కిటికీ బయటే." ముందు పడీ పడీ నవ్వాను. తర్వాత గొంతు పూడుకుపోయింది. అందరూ రాశారు, ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఆ లెక్కల మాస్టారైతే... పోన్లే, పోయినాయన.

అన్నట్టు, ఆరో తరగతి కార్డులో నాన్న సంతకం నీ చేతిదే! అమ్మ ఇప్పటికీ కనిపెట్టలేదు, నువ్వూ నోరెత్తకు.

చివరికి టెన్షనూ, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని తేలింది. చాలామందికి జంటగానే ఉంటాయట. మర్చిపోతానేమోనని భయం, ఆ కంగారులో మళ్ళీ మర్చిపోవడం. ఏడీహెచ్‌డీ మందుల్లో మిథైల్‌ఫెనిడేట్ గంటలోపే పనిచేస్తుంది కానీ కొందరికి ఆందోళన పెంచుతుందని, ముందు ఆటమాక్సెటిన్ రాసింది. దాని గుణం తెలియడానికి వారాలు పడుతుందట. వారాలు ఆగడం, అదీ నేను! కాఫీ కూడా తగ్గించమంది. మన క్యాంటీన్ ఒప్పందం సంగతి ఆవిడకేం తెలుసు?

ఇంకా రైలు సంగతి రాయాలి, రెండు గంటల ముందే స్టేషన్‌కెళ్ళి కూర్చుని కూడా నేను... అయ్యో, బడి వదిలే టైమైంది, పాప గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఉంటాన్రా.

నీ వంకాయ