దుకాణం వేళలు మారుతున్నాయి: కారణాలతో సహా ఒక వివరణ

నగరం నడిబొడ్డున ఉన్న మా బట్టల ఆల్టరేషన్ దుకాణాన్ని ఆదరిస్తున్న మీ అందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటి తేదీ నుంచి దుకాణాన్ని ఉదయానికి బదులు మధ్యాహ్నం తెరిచి, రాత్రి భోజనాల వేళ దాటే వరకు ఉంచుతాము. ఆదివారం కూడా పని ఉంటుంది, సోమవారం సెలవు. ఈ మాత్రం బోర్డు మీద రాసి ఊరుకోవచ్చు గానీ, దుకాణం ఎత్తేస్తున్నారా అని చాలామంది అడుగుతున్నందువల్ల ఉన్నదున్నట్టు చెప్పడమే మర్యాద అనిపించింది.

దుకాణం పై అంతస్తులోనే మా కాపురం. అందువల్ల ఈ పేట మారడాన్ని వ్యాపారిగానూ, ఇక్కడి నివాసిగానూ చూస్తున్నాను; ఈ రెండు చూపులూ ఎప్పుడూ ఒకే మాట చెప్పవు. ఉదయం ఆఫీసుకు వెళ్తూ ప్యాంటు అంచులు కుట్టమని ఇచ్చి, సాయంత్రం ఇంటికి వెళ్తూ తీసుకుపోయేవారే మా రాబడికి ఆధారంగా ఉండేవారు. 2020 తర్వాత ఇంటి నుంచి పనిచేయడం స్థిరపడడంతో ఆ రాకపోకలు వారం మధ్య రోజులకు పరిమితమయ్యాయి. సోమవారం, శుక్రవారం ఉదయాల్లో మేము మిషన్లకు నూనె వేసుకుంటూ కూర్చుంటున్నామంటే అతిశయోక్తి కాదు. అదే సమయంలో రాత్రి పూట కిటికీలోంచి చూస్తే, మునుపు చీకటిగా ఉండే భవనాల్లో దీపాలు కనిపిస్తున్నాయి, పిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి. నివాసిగా నాకు ఇది సంతోషమే. ఆఫీసులు మూసేశాక మనిషి అలికిడి లేని వీధిలో ఉండడం ఎలా ఉంటుందో ఉన్నవారికే తెలుసు.

ఖాళీ పడిన ఆఫీసులన్నీ ఇళ్ళుగా మారిపోతాయని కొందరు అనుకుంటున్నారు గానీ, అది అంత సులువు కాదు. పెద్ద ఆఫీసు భవనంలో ఒక్కో అంతస్తు ఎంతో వెడల్పుగా ఉండి, కిటికీ నుంచి లోపలికి పోయేకొద్దీ వెలుతురు, గాలి అందవు. నీటి గొట్టాలు, మరుగుదొడ్లు నడుమ లిఫ్టుల పక్కనే గుమిగూడి ఉంటాయి. ప్రతి ఇంటికీ వంటగది, స్నానాలగది ఇవ్వాలంటే అంతస్తు అంతా తవ్వి కొత్త గొట్టాలు వేయాలి. అందుకే ఇరుకైన పాత భవనాలు ముందుగా ఇళ్ళవుతున్నాయి, అద్దాల మేడలు ఖాళీగా మిగులుతున్నాయి. కెనడాలోని కాల్గరీ నగరం 2021లో ఇటువంటి మార్పిడికి నగర నిధులనుంచే సాయం ప్రకటించిందంటే, యజమానులు తమంతట తాము భరించలేని ఖర్చని అర్థమవుతుంది. మన వీధిలో ఒక కొస కళకళలాడుతూ, మరో కొస బోసిపోయి ఉండడానికి కారణం ఇదే.

కొత్తగా చేరినవారు తెచ్చే పని వేరు. సూట్లు తగ్గి కర్టెన్లు, జీన్సు జిప్పులు, పిల్లలు పొడవు పెరగడంతో వదలాల్సిన మడతలు పెరిగాయి. వీరు చీకటి పడ్డాక గానీ రారు. వేళలు మార్చడానికి ఇంతకుమించిన కారణం లేదు.

వీధిలో వాహనాలు నిలిపివేసి నడిచేవారికే వదలాలన్న ప్రతిపాదన గురించి కూడా అడిగారు. కోపెన్‌హాగెన్ నగరం 1962లో తన ప్రధాన వీధిని అలా మార్చినప్పుడు అక్కడి వ్యాపారులు కూడా బేరాలు పోతాయని భయపడ్డారు; ఆ వీధి నేటికీ వ్యాపారంతోనే నడుస్తోంది. నేను సమ్మతి తెలిపాను, అయితే సరుకు దింపడానికి ఉదయం కొంత సమయం బండ్లను రానివ్వాలని కోరాను.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది లీజు. ఇళ్ళలో అద్దెకు ఉండేవారికి అనేక నగరాల్లో అద్దె పెంపు మీద ఏదో ఒక రక్షణ ఉంది, దుకాణదారులకు మాత్రం అది చాలా అరుదు. పేటకు మేము తెచ్చిన కళే రేపు మా అద్దెను పెంచుతుందన్నది చేదు నిజం. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2015లో చిరకాల వ్యాపారాల జాబితా ఒకటి ఏర్పరచి, సాధారణంగా 30 ఏళ్ళు దాటినవాటికి గుర్తింపు ఇస్తోంది. వాటికి దీర్ఘకాలం లీజు ఇచ్చే యజమానులకు ప్రోత్సాహకాలు కూడా ప్రకటించింది. అటువంటి ఏర్పాటు ఇక్కడ లేదు. మా లీజు వచ్చే ఏడాది చివరి వరకు ఉంది. ఆ తర్వాత పెంపును ముందే నిర్ణయించుకుని ఎక్కువ కాలానికి రాసుకుందామని యజమానిని అడిగాము, ఇంకా జవాబు రాలేదు. అది కుదరకపోతే కనీసం మూడు నెలల ముందు మీకు తెలియజేస్తాము. కొత్త పని తీసుకోవడం ఆపి, చేతిలో ఉన్నది పూర్తి చేసి అప్పగిస్తాము.

చివరగా ఒక మనవి. ఉదయం పూట మాత్రమే రాగలిగినవారు ముందుగా ఫోను చేస్తే పై నుంచి దిగివచ్చి బట్టలు తీసుకుంటాను. కుట్టు పూర్తయి అలమరలో చాలాకాలంగా ఉండిపోయిన కోట్లు, లంగాలు ఉన్నాయి. రసీదు పోయినా ఫరవాలేదు, వచ్చి గుర్తుపట్టి తీసుకువెళ్ళండి.