డిజైన్ కన్నా ముందు చూడాల్సింది

అయ్యా,

చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ అనగానే అందరూ డిజైనే చూస్తారు. రేపు వేరేచోటికి మారాలంటే మన సమాచారం మన చేతికొస్తుందా అన్నది ఎవరూ అడగరు. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌లో (వెబ్‌సైట్లు తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) టూల్స్‌లోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ నొక్కితే పేజీలు ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దిగుతాయి. ఫొటోలు మాత్రం రావు, వాటి లింకులే ఉంటాయి. ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డరును విడిగా కాపీ చేసుకోవాలి. నెలనెలా అద్దె కట్టి వాడుకునే రెడీమేడ్ వెబ్‌సైట్ బిల్డర్ సేవల్లో చాలావాటి నుంచి డిజైన్ బయటికి రాదు.

అలాగని వర్డ్‌ప్రెస్ పెట్టి వదిలేయకూడదు. అదనపు సౌకర్యాల కోసం చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే ప్లగిన్లు, పాతబడితే అవే దొంగలకు దొడ్డిదారి. వాడని ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేస్తే సరిపోదు, ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, డిలీట్ చేయాలి. ఏడాదికోసారి ఫోన్ నంబరు మార్చే నాలుగు పేజీల సైటుకైతే అసలు వర్డ్‌ప్రెస్ లాంటి సీఎంఎస్ (పేజీలను నిర్వహించే సాఫ్ట్‌వేర్) ఎందుకు? వెబ్‌పేజీలు రాసే మామూలు హెచ్‌టీఎంఎల్ కోడ్ చాలు. ఏది ఎంచుకున్నా డొమైన్ (సైటు చిరునామా) మాత్రం డిజైనర్ పేరున కాదు, యజమాని పేరునే ఉండాలి.

– ఒక వెబ్ డెవలపర్