కాంపిటిషన్ కమిషన్ ఛైర్‌పర్సన్ గారికి ఒక రొయ్యల రైతు బహిరంగ లేఖ

నమస్కారం. కంపెనీలు ఒకదాన్నొకటి కొనే ఒప్పందాలను పరిశీలించే కమిషన్ మీది కాబట్టి మీకు రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. తెల్లవారుజామున మూడింటప్పుడు రొయ్యల గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. గట్టు మీద నిలబడి టార్చి వేస్తే రొయ్యలు నీటిపైకి తేలి కనిపిస్తాయి. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు వేసేలోపే పంట పోవచ్చు. ఒక చిన్న స్టార్టప్ కుర్రాళ్లు గుంటలో సెన్సర్ పెట్టి, ఆక్సిజన్ తగ్గగానే నా ఫోన్ మోగేలా చేశారు. రెండు పంటలు టెన్షన్ లేకుండా నిద్రపోయాను. తర్వాత వాళ్లను ఓ పెద్ద కంపెనీ కొనేసింది. కుర్రాళ్లను తీసుకుని సర్వీసు ఆపేసింది. ఆ సెన్సర్ ఇప్పుడు మోటారు షెడ్డులో మేకుకు వేలాడుతోంది.

కొనడమే తప్పని నేననను. 2005లో గూగుల్ ఆండ్రాయిడ్‌ను కొని పెంచింది, నా చేతిలో ఉన్నదీ ఆ ఫోనే. కొని మూలన పడేస్తే మాత్రం ఎవరికి లాభం? సొంతంగా కనిపెట్టే ఓపిక అంత డబ్బున్న కంపెనీకి లేకపోతే ఎలా?

2024 సెప్టెంబరు నుంచి 2,000 కోట్ల రూపాయలు దాటిన కొనుగోలు ఒప్పందాలనూ మీ పరిశీలన కిందికి తెచ్చారు. మంచి పని. మేం వాడే స్టార్టప్‌లు అంత ఖరీదు చేయవండీ. చిన్న కొనుగోళ్లలోనూ కనీసం రెండు పంటల కాలం సర్వీసు నడపాలని, సెన్సర్ సేకరించిన గుంట లెక్కలన్నీ రైతుకు అప్పగించాలని షరతు వచ్చేలా చూడండి.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు